వెధవ, ముండ: రెండు నిందాపదముల పుట్టుపూర్వోత్తరములు

తిట్టును శాస్త్రవిషయముగా చర్చించుట అనుచితమను సంకోచము పండితులలో నున్నది. పాణిని మహర్షికి ఈ సంకోచము లేదు. 'ఆక్రోశము', అనగా తిట్టు, తోచునపుడే ప్రవర్తించు సూత్రములు అష్టాధ్యాయిలో పలుచోట్ల ఉన్నవి. ఆరవ అధ్యాయము మూడవ పాదమున 21వ సూత్రము, తిట్టునందు సమాసములోని షష్ఠీవిభక్తికి లోపము లేదని చెప్పును. తరువాతి సూత్రముచే పుత్రశబ్దము పరమగునపుడు ఆ విధి వైకల్పికమగును. 'దాస్యాఃపుత్రః', 'దాసీపుత్రః' అను రెండు రూపములు ఇట్లే ఏర్పడినవి. సంస్కృతరూపకములు చదివినవారికి విదూషకుని నోట మొదటి రూపము సుపరిచితమే. ఎనిమిదవ అధ్యాయము నాలుగవ పాదమున 48వ సూత్రము మఱింత సూక్ష్మమైనది. 'పుత్రాదినీ' (కొడుకును తినినదానా) అని స్త్రీని తిట్టునపుడు పుత్రశబ్దమునందలి తకారమునకు ద్విత్వము రాదు. నిజముగనే పిల్లలను తిను జంతువును గూర్చి చెప్పునపుడు ద్విత్వము రావచ్చును. తిట్టునపుడు మాట పలుకుబడియే మారునని వ్యాకరణము చెవియొగ్గి విన్నదన్నమాట. అడిగిన ప్రశ్నకు బదులు తోపక ఆకాశమువైపు చూచు వ్యాకరణపండితుని 'వైయాకరణఖసూచి' అని నిందించు సమాసమును తనకే ఉదాహరణముగా నిలుపుకొన్న శాస్త్రమిది. కావున తెలుగు తిట్లను వ్యుత్పత్తిదృష్టితో పరిశీలించుట సంప్రదాయవిరుద్ధము కానేరదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడు పట్టణములు తెలుగుసీమకు నైరృతిమూల. మదనపల్లె, పుంగనూరులకు పడమట కోలారు సీమ కన్నడమును, కుప్పమునకు ఒకవైపు కన్నడమును మఱియొకవైపు తమిళమును తగిలియున్నవి. ఈ ప్రాంతపు సంతలలో, బస్టాండ్లలో, పొలముగట్లమీద, ఇండ్లలో దినదినము వినబడు తిట్లలో 'వెధవ', 'ముండ' అనునవి ముఖ్యమైనవి. మదనపల్లె టమోటా మార్కెట్టులో ధర పడిపోయిననాడు 'వెధవ రేటు' అని రైతు విసుగుకొనును. బడికి ఆలస్యమైన మనుమని 'ఒరే యెదవా, సద్ది తినిపోరా' అని అవ్వ కేకవేయును. ఈ ప్రయోగములలో విధవాప్రసక్తి యెచ్చటను లేదు. అయినను రెండు పదములకును మూలార్థము ఒక్కటే: భర్తను కోల్పోయిన స్త్రీ. ఆ అర్థము అరిగిపోయినది గనుక ఇక దోషము లేదని పలువురు చెప్పుచుందురు. ఆ మాట ఎంతవరకు నిజమో తెలియుటకు ఈ పదముల నడకను మొదటినుండి చూడవలసియున్నది.

'వెధవ' సంస్కృత విధవాశబ్దభవము. ఋగ్వేదము పదవ మండలము నలువదవ సూక్తమున ఈ శబ్దము ఉపమానముగా కనబడును. అందు నిందాగంధము లేదు. యాస్కాచార్యులు నిరుక్తము మూడవ అధ్యాయమున ఆ మంత్రమును వ్యాఖ్యానించుచు ఈ పదమునకు ఒకటి కాదు, నాలుగు నిర్వచనములు చూపిరి. పోషించువాడు లేనిది, వణకునది, దిక్కు తోచక ఇటునటు పరుగులెత్తునది, ధవుడు, అనగా పురుషుడు, లేనిది. ఇందు మూడవది చర్మశిరసుడను ఆచార్యుని మతము. పాఠశాలలలో నాలుగవదియే స్థిరపడినది. సధవ, విధవ అను జంటయు, లక్ష్మికి ధవుడు మాధవుడను విగ్రహవాక్యమును అందరికి కంఠస్థములే. తులనాత్మక భాషాశాస్త్రము మాత్రము వేరొక దారి చూపును. లాటిన్ భాషలో 'విదువా', జర్మన్ భాషలో 'విత్వె', రష్యన్ భాషలో 'వ్దొవా', ఇంగ్లీషులో 'విడో' అనునవి మన విధవాశబ్దమునకు తోబుట్టువులు. వీటన్నిటిలోను ఎడబాటు, వెలితి అను అర్థమే మూలము. కావున ఇందలి 'వి' ఉపసర్గము కాదనియు, దానిని ఉపసర్గముగా భావించి విడదీయగా మిగిలినదే 'ధవ' శబ్దమనియు వారి నిర్ణయము. ఈ మతమున భర్తను చెప్పు పదము భర్త లేని స్త్రీని చెప్పు పదమునుండి పుట్టినది. సంప్రదాయజ్ఞులకు ఇది మొదట రుచింపకపోవచ్చును. కాని యాస్కుడు తానే నాలుగు దారులు తెరచి ఉంచినాడు గనుక ఐదవదానికి తలుపు మూయనక్కరలేదు.

తెలుగున 'వి' కారము 'వె' కారమగుట ఈ భాషకు సహజమైన స్వరపరిణామమే. తరువాతి అక్షరమున అకారమున్నపుడు ముందున్న ఇకారము ఎకారముగను, ఉకారము ఒకారముగను మారుట పెక్కు తద్భవములలో కలదు. దిశ దెస అయినది, ముఖము మొగమైనది, గుణము గొనమైనది. అట్లే విధవ వెధవ అయినది. విశేషమేమనగా అచ్చు మారినను ఒత్తు 'ధ' కారము వ్రాతలో నిలిచియున్నది. పల్లెపలుకుబడి దానిని కూడ వదలి, మొదటి వకారమును యకారము చేసి 'యెదవ' అనును. వ్రాతలోని ధకారమే మూలమును గుర్తుచేయు చివరి ఆనవాలు. 'యెదవ' అనువానికి అదియును లేదు.

అర్థము మారిన తీరు ఇంతకంటె విచిత్రము. స్త్రీవాచకమైన పదము పురుషునికి తిట్టైనది. 'ఆ వెధవ వచ్చినాడు' అని పుంలింగక్రియతో అన్వయించుచున్నది. ఈ మార్పు ఒక్కసారిగా జరిగియుండదు. వెధవబ్రతుకు, వెధవపని, వెధవవేషములు అను సమాసములలో ఈ పదము విశేషణప్రాయమై 'హీనమైన, పనికిమాలిన' అను అర్థమును పొందినది. ఆ విశేషణమే మరల నామమై, పనికిమాలినవానికి పేరైనదని ఊహించుట యుక్తము. ఇచట గమనింపదగినది మఱియొకటి కలదు. భార్యను కోల్పోయిన పురుషునికి 'విధురుడు' అను పదమున్నది. అదియు ఎడబాటును చెప్పునదే. కాని విధురశబ్దము తెలుగున తిట్టు కాలేదు. ఏ అవ్వయు మనుమని 'ఓరి విధురా' అని అదలింపలేదు. సమానమైన దుఃఖమును చెప్పు రెండు పదములలో ఒకటి శ్లోకములలో భద్రముగా నుండగా మఱియొకటి వీథికెక్కినది. కారణము వ్యాకరణమున వెదకిన దొరకదు. విధురుడు పెండ్లిపీటమీద మరల కూర్చుండగలడు. విధవ ఎదురుపడినచో ప్రయాణము మానుకొను ఆచారముండెను.

ఇక 'ముండ'. ఇది సంస్కృతమున 'గొరిగిన తల గల' అను అర్థమున విశేషణము. పాణిని మూడవ అధ్యాయము మొదటి పాదము 21వ సూత్రమున ముండశబ్దమునే మొదట పఠించి 'ముండయతి' అను క్రియకు దారిచేసినాడు. ధాతుపాఠమున 'ముడి' ధాతువునకు ఖండనము అర్థము. తెలుగున 'ముడి' అనగా కొప్పు. సంస్కృతధాతువైన 'ముడి' ఆ కొప్పును తీసివేయును. ఇది కేవలము యాదృచ్ఛికమైన ధ్వనిసామ్యమే గాని చమత్కారముగా నున్నది. మొండి, మొండెము అను ద్రావిడపదములతో ముండశబ్దమును ముడిపెట్టి, సంస్కృతమే దీనిని దక్షిణమునుండి గ్రహించినదని తలచిన భాషాశాస్త్రజ్ఞులు కలరు. తలలేని దేహము మొండెము, కొమ్మలు నరికిన చెట్టు మొండి; అర్థసాదృశ్యము బలముగనే ఉన్నది.

ముండనమునకు మొదట గౌరవమే. బాలునికి చౌలము సంస్కారము. సన్న్యాసికి ముండనము వైరాగ్యచిహ్నము. అథర్వవేదమునకు చెందిన ఒక ఉపనిషత్తునకు ముండకమని పేరు. ఐనను నిందయు చాల ప్రాచీనకాలముననే మొదలైనది. పాలిభాషలోని బౌద్ధగ్రంథములలో, సుత్తనిపాతమందలి వసలసుత్తమున అగ్నికభారద్వాజుడను బ్రాహ్మణుడు భిక్షకు వచ్చుచున్న బుద్ధుని దూరమునుండి చూచి 'ముండక' అని పిలిచి ఆగుమన్నట్లు కలదు. దీఘనికాయమందలి అంబట్ఠసుత్తమున కూడ శ్రమణులపై ఇదే మాట ప్రయోగింపబడినది. 'ముండ' శబ్దముపై చేరిన 'క' ప్రత్యయము కుత్సార్థకము. పాణిని ఐదవ అధ్యాయము మూడవ పాదము 74వ సూత్రమున దీనిని విధించినాడు. ఆ 'క' ప్రత్యయమే ఉపనిషత్తు పేరున కుత్స లేకయే ఉన్నది. ఇట్లు ఒకే మాట ఒకచోట వేదాంతమునకు పేరై, మఱియొకచోట బుద్ధునంతవానికి తిట్టైనది. మన 'సన్నాసి' కూడ ఇట్లే సన్న్యాసాశ్రమమునుండి జారిపడి పనికిమాలినవాడైనాడు. ఉత్తరమున మాత్రము ఈ పదమునకు మంచి గతి పట్టినది. పంజాబీలో 'ముండా' అనగా బాలుడు. పుట్టువెండ్రుకలు తీసిన పిల్లవానినుండి ఆ అర్థము వచ్చినది. అమృతసరమున తల్లి ముద్దుగా పిలుచు పిలుపును మదనపల్లెలో పలికినచో తగవు తప్పదు. ఝార్ఖండ ప్రాంతపు ముండాజాతి పేరు వేరు; దానికిని ఈ పదమునకును సంబంధము కల్పింపరాదు.

తెలుగున ముండశబ్దము విధవకు చెల్లుటకు కారణము కేశఖండనాచారము. ఈ ఆచారము అనాదియని పెద్దలు పలుకుదురు గాని గ్రంథములు అట్లు చెప్పవు. మనుస్మృతి ఐదవ అధ్యాయమున విధవకు పుష్పమూలఫలములతో దేహమును కృశింపజేసికొను నియమమును విధించినది; శిరోముండనమును విధింపలేదు. యాజ్ఞవల్క్యస్మృతియు విధింపలేదు. విధవ కొప్పు ముడిచినచో పరలోకమున భర్తకు బంధమగును గాన శిరోవపనము చేయవలెనను వచనము స్కాందపురాణమందలి కాశీఖండమున కలదు. ధర్మశాస్త్రచరిత్రము వ్రాసిన పాండురంగ వామన కాణే మహాశయులు ఈ ఆచారము అర్వాచీనమని సప్రమాణముగా నిరూపించిరి. అమరసింహుడు విధవకు 'విశ్వస్త', 'విధవ' అను పర్యాయములను చెప్పి, కాషాయము ధరించిన నడివయస్సు విధవకు 'కాత్యాయని' అను పేరు నిచ్చెను. ఆ పట్టున ముండాశబ్దము లేదు. కోశకారుడు ఎఱుగని పర్యాయమును మంగలికత్తి సృష్టించినది. 'ముండమోయు' అను తెలుగు నుడికారమున ఆ బరువు ఇప్పటికిని వినబడుచున్నది. వైధవ్యమును నెత్తిన మోయవలెను.

ఈ పదము మూడు భాషల సరిహద్దున చెల్లుబాటైన తీరు ప్రత్యేకముగా చూడదగినది. తెలుగున ముండ; కన్నడమున 'ముండె'; తమిళమున 'ముండై'. మూటికిని విధవ యనియు తిట్టు అనియు రెండర్థములు. పదము ఎఱువైనను అర్థమును ఏ భాషకు ఆ భాష తన సొంత మాటతో మరల నిర్మించుకొన్నది. తెలుగున బోడితల విధవ 'బోడెమ్మ' అయినది. కన్నడమున 'బోళి' అనగా బోడితల స్త్రీ, 'బోళిమగ' అనునది ఘోరమైన తిట్టు. తమిళమున 'మొట్టై' అనగా బోడితల. తాళి తెగినదను అర్థమున 'అఱుదలి' అనునది మఱియొక దూషణము. బెంగుళూరు, జోలార్‌పేట రైలుమార్గమున నున్న కుప్పమున ఒకే వీథిలో ఈ తిట్లన్నియు అనువాదము అక్కరలేకయే అర్థమగును. తిట్టు తెలిసికొనుటకు భాష నేర్వవలసిన పని లేదు.

ఇందు ఒక వైపరీత్యమున్నది. శిరోముండనము ప్రధానముగా బ్రాహ్మణులలోను, వారిని అనుకరించిన కొన్ని కులములలోను ఉండెను. వ్యవసాయము, పశుపోషణము చేయు పెక్కు కులములలో విధవకు మారుమనువు ఉండెను. తల గొరుగుట లేదు. ఐనను తిట్టు అందరి నోళ్లలోను నిలిచినది. తమ ఇండ్లలో ఎన్నడును లేని ఆచారమును తమ ఆడబిడ్డలకు తిట్టుగా తెచ్చుకొన్నారు. ఆచారము కొన్ని అగ్రహారములు దాటలేదు గాని దాని పేరు పొలములన్నియు దాటినది.

'ముండాకొడుకు' అను తిట్టునకు నిర్మాణము సరిగా 'దాస్యాఃపుత్రః' వంటిదే. ఎదుట నున్నవానిని తిట్టుచు దెబ్బ అతని తల్లిపై వేయుట ఇందలి పద్ధతి. అమెరికా ప్రజల నోట నిత్యము నలుగు 'సన్ ఆఫ్ ఎ బిచ్' అను తిట్టును ఇట్టిదే. తల్లిని కుక్కగా చేసి కొడుకును తిట్టుట. సంస్కృతమునకు దాసి, ఇంగ్లీషునకు కుక్క, తెలుగునకు విధవ. తండ్రి లేని పిల్లవాడు అదుపులేక పెరుగునను లోకాభిప్రాయము, విధవ శీలమును శంకించు దురభిప్రాయము, ఈ రెండును తెలుగు తిట్టులో ఇమిడియున్నవి. ఉత్తరమున 'రాండ్' అను విధవావాచకమునుండి వేశ్యను చెప్పు 'రండీ' శబ్దము ఏర్పడుట ఈ శంకకు మఱియొక సాక్ష్యము. పలుకుబడిలో ఇంకొక విశేషము కలదు. సీతా, రమా మొదలగు ఆకారాంతములు తెలుగున హ్రస్వాంతములగును, ముండయు అట్లే. కాని ముండాకొడుకు, ముండావాడు అను చోట్ల దీర్ఘము వినబడుచున్నది. ఇది సంస్కృతదీర్ఘము నిలిచియుండుటయా, కోపమున స్వరము సాగుటయా? పుత్రాదినీసూత్రమును తలచుకొన్నచో రెండవదియే సమంజసముగా తోచును.

కాలక్రమమున ఈ పదములు మెత్తబడిన మాట నిజమే. 'పాపము, వెర్రిముండ' అనునపుడు జాలియే గాని నింద లేదు. 'కుర్రముండావాడు' అనునది వాత్సల్యము. 'వెధవాయి' అని తాత పిలిచినచో మనుమడు నవ్వుచు వచ్చి ఒడిలో కూర్చుండును. అయితే పదము మెత్తబడినకొలది విధవను చెప్పుటకు వేరు పదము కావలసివచ్చినది. పూర్వపు ఉత్తరములలో, దస్తావేజులలో 'గంగాభాగీరథీ సమానురాలైన' అని వ్రాసెడివారు. నేడు ప్రభుత్వపు పింఛను కాగితములలో 'వితంతువు' అని వ్రాయుదురు. ఒక పదము మలినమైనపుడు మఱియొకటి తెచ్చుకొనుట లోకస్వభావము. 2023లో మహారాష్ట్రమున విధవాశబ్దమునకు బదులు 'గంగా భాగీరథీ' అను పేరు వాడవలెనని ఒక మంత్రి ప్రతిపాదింపగా మహిళాసంఘములనుండి విమర్శలు వచ్చినవి. పేరు ఎంత పవిత్రమైనను ఆమెను భర్తృమరణముచేతనే గుర్తించుట మారలేదు గదా అని వారి ఆక్షేపము. అది త్రోసివేయదగినది కాదు.

ఆచారము మాత్రము మాటకంటె త్వరగా మారినది. 1856లో విధవాపునర్వివాహచట్టము వచ్చినది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగం పంతులుగారు తొలి వితంతువివాహము జరిపించిరి. గురజాడవారి కన్యాశుల్కము 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చైనది. అందు అగ్నిహోత్రావధానుల కుమార్తె బుచ్చమ్మ బాలవిధవ. ఆ నాటకమున ఈ తిట్లు పాత్రల నోట పలుమార్లు వినబడును. తిట్టుగా ఆ మాటయు, ఆ మాటకు మూలార్థమైన బాలికయు ఒకే రంగస్థలముమీద ఉండుట ఆనాటి గృహములకు యథార్థచిత్రము. మదనపల్లెలో భర్త జేమ్స్ కజిన్స్‌తో కూడ నివసించిన మార్గరెట్ కజిన్స్, 1917లో ఏర్పడిన ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ స్థాపకులలో ఒకరు. బాల్యవివాహములకు వ్యతిరేకముగా ఆ కాలపు మహిళాసంఘములు చేసిన కృషి 1929 నాటి శారదాచట్టమునకు తోడ్పడినది. కేశఖండనము ఇప్పుడు జ్ఞాపకమాత్రము. ముండన లేకపోయినను 'ముండ' నిలిచినది.

అర్థము అరిగిపోయినదను వాదమును ఇప్పుడు పరిశీలింపవచ్చును. ఆలంకారికుల పరిభాషలో ఇది రూఢిలక్షణ. మమ్మటుడు కావ్యప్రకాశమున 'కుశల' శబ్దమును చూపినాడు: దర్భలు కోయువాడను అర్థము మరుగై నేర్పరి యను అర్థము రూఢమైనది. సాహిత్యదర్పణకారుడు ఈ ఉదాహరణమును అంగీకరింపలేదు. అది వేరు చర్చ. వెధవ కూడ కుశలశబ్దము వంటిదే గదా యని అడుగవచ్చును. కాదు. నేర్పరిని కుశలుడన్నపుడు నొచ్చుకొనుటకు దర్భలు కోయువాడెవడును ప్రక్కన లేడు. విధవ ప్రక్కన ఉన్నది. భర్తృహరి వాక్యపదీయమున శబ్దార్థనిర్ణయమునకు సంయోగము, విప్రయోగము మొదలగు హేతువులను చెప్పుచు ప్రకరణమును కూడ చెప్పినాడు. ప్రకరణము మారినచో రూఢికి వెనుక నిద్రించుచున్న ముఖ్యార్థము మేలుకొనును. నలువదిమంది బాలురున్న తరగతిలో ఉపాధ్యాయుడు 'వెధవల్లారా' అన్నపుడు ముప్పదితొమ్మిదిమందికి అది రూఢి. క్రిందటి నెలలో తండ్రి పోయిన బాలుడొకడు అందున్నచో వానికది అభిధ. ఉపాధ్యాయునికి ఆ తేడా తెలియదు, శబ్దమునకు తెలియును. తాను విధవయై ఏండ్లు గడచిన అవ్వ మనుమని ముద్దుగా 'వెధవా' అనును. అదే మాటను ఇరుగుపొరుగు తగవులో ఆమెతో ఎవరైన అన్నచో ఆమె ఇంటిలోనికి పోయి తలుపు వేసికొనును.

కావున నిఘంటువులలో ఈ పదములకు 'మూర్ఖుడు, పనికిమాలినవాడు' అను అర్థమును మాత్రము ఇచ్చి విడచుట లోపము. విధవ అను అర్థమును మాత్రము ఇచ్చుట అంతకంటె లోపము. మూలార్థము, నిందార్థము, వాత్సల్యార్థము అను మూటిని వరుసగా చూపి, ఏది ఎవరితో అనరాదో ప్రయోగసూచనగా తెలుపవలెను. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము ఏర్పడిన కుప్పము ఇందుకు తగిన స్థానము. అచట వీథిలోనికి అడుగుపెట్టినచో ముండ, ముండె, ముండై మూడును అరగంటలో చెవిని పడును. ఏది ఎవరు ఎవరిని ఎప్పుడు అన్నారో వ్రాసికొనుటయే మిగిలియున్న పని.